బొమ్మా బొరుసా అని తేల్చేస్తే ఎట్లా?

సంపాదకుడు గారికి నమస్కారం,

మొన్న మీ స్పోర్ట్స్ పేజీలో టాస్ మీద వచ్చిన వ్యాసం చదివాను. రాత్రి మ్యాచుల్లో మంచు పడి రెండో ఇన్నింగ్స్‌లో బౌలింగ్ చేసేవాళ్ళకి బంతి చేతిలో నిలవట్లేదని అభిమానులు గోల చేయడం చాదస్తమనీ, టాస్ ఆటలో భాగమేననీ, ఓడినవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక సాకు వెతుక్కుంటారనీ రాశారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే క్రికెట్ కాని ఇంకో ఆట సంగతి చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి.

నేను కాన్సాస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాను. ఇక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు. వచ్చిన కొత్తలో అందరం ఈ అమెరికన్ ఫుట్‌బాల్ చూసి నవ్వినవాళ్ళమే, కాలితో తన్నేది తక్కువ చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ, దీనికి ఆ పేరేంటి అని. రెండు చలికాలాలు గడిచాక చూస్తే ఇంట్లో అందరికీ మా ఊరి టీమ్ చీఫ్స్ ఎర్ర స్వెట్టర్లే.

2022 జనవరి 23న యారోహెడ్ స్టేడియంలో మా చీఫ్స్‌కీ బఫలో బిల్స్‌కీ ప్లేఆఫ్ మ్యాచ్, అంటే ఓడితే ఇంటికే. నేను పక్కింటి పెద్దాయన ఇంట్లో చూశాను. అసలు ఆట చివరి రెండు నిమిషాల్లోనే ఉంది, ఆ కాస్త టైమ్‌లో ఇద్దరూ కలిపి 25 పాయింట్లు కొట్టారు, బిల్స్ ముందుకెళ్ళారు, మా టీమ్‌లో బంతి విసిరే మహోమ్స్ వేసిన బంతి పట్టుకుని టైరీక్ హిల్ 64 గజాల టచ్‌డౌన్‌తో (బంతిని అవతలివాళ్ళ గీత దాటించడం, ఆరు పాయింట్లు) మమ్మల్ని ముందుకి తెచ్చాడు, మళ్ళీ బిల్స్‌లో బంతి విసిరే జోష్ అలెన్ గేబ్రియల్ డేవిస్‌కి వేశాడు, డేవిస్‌కి అది ఆ ఒక్క మ్యాచ్‌లోనే నాలుగో టచ్‌డౌన్. మిగిలింది 13 సెకన్లు, మేం మూడు పాయింట్లు వెనక. నేను లేచి కోటు వేసుకున్నాను కూడా. ఆ 13 సెకన్లలో రెండే పాసులు, ఒకటి 19 గజాలు ఒకటి 25, ఆ తర్వాత మా బట్కర్ 49 గజాల దూరం నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం, మూడు పాయింట్లు), 36-36. కోటు మళ్ళీ ఎప్పుడు విప్పానో నాకే తెలీదు.

సమం కాబట్టి ఇక ఓవర్‌టైమ్, అంటే అదనపు సమయం. నాణెం ఎగరేశారు, అలెన్ బొరుసు అన్నాడు, బొమ్మ పడింది, బంతి ముందు మాకు. అప్పటి రూల్ ఏంటంటే మొదట బంతి అందుకున్న టీమ్ టచ్‌డౌన్ చేస్తే ఆట అయిపోయినట్టే. మా కెల్సీ టచ్‌డౌన్ చేశాడు, 42-36. ఆ రాత్రంతా అంత ఆట ఆడిన అలెన్ చేతికి ఓవర్‌టైమ్‌లో బంతే రాలేదు. సూపర్ ఓవర్‌లో ఒక టీమ్ బ్యాటింగ్ చేసి దండిగా కొట్టారు కాబట్టి రెండోవాళ్ళు ప్యాడ్లు విప్పేసుకోండి అంటే ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది.

మేం గెలిచాం, వీధంతా హారన్లు. పక్కింటాయన మాత్రం కాసేపటికి టీవీ కట్టేసి, 2019 జనవరిలో ఇదే స్టేడియంలో పేట్రియాట్స్ టీమ్ మనల్ని ఇట్లాగే కొట్టారు, అప్పుడు మహోమ్స్‌కి బంతి రాలేదు, అన్నాడు. నిజమే, అప్పుడు రూల్ మార్చమని అడిగింది చీఫ్సే, ఎవరూ వినలేదు. గెలిచినవాడి నోటి నుంచి ఆ మాట రావడం నాకు నచ్చింది. ఆయనే కాదు, ఆ వారంలో చీఫ్స్ అభిమానులు బఫలోలో ఉన్న ఓయిషెయ్ పిల్లల ఆసుపత్రికి తలా 13 డాలర్లు పంపడం మొదలుపెట్టారు, 13 సెకన్లకి గుర్తుగా. ఎత్తిపొడుపు కూడా అందులో కొంచెం ఉందనుకోండి, కానీ మొత్తం 3 లక్షల డాలర్లు దాటింది. (మన హీరోల ఫ్యాన్స్ ఆన్‌లైన్‌లో కొట్టుకునేది చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, సర్లెండి.)

బఫలో వాళ్ళది ఏడుపు అని ఇక్కడా రాసినవాళ్ళున్నారు. కానీ లెక్క తీస్తే ఏం తేలింది? 2010లో తెచ్చిన ఆ రూల్ కింద ఆడిన 12 ప్లేఆఫ్ ఓవర్‌టైమ్‌లలో 10 టాస్ గెలిచినవాళ్ళవే. ఆ మిగిలిన రెండిట్లో ఒకటి మాదే, బిల్స్ మీద గెలిచిన వారానికే బెంగాల్స్ అనే టీమ్‌తో టాస్ గెలిచి మ్యాచ్ పోగొట్టుకున్నాం. ఆ మార్చిలో టీమ్‌ల ఓనర్లు 29-3 ఓటుతో ప్లేఆఫ్స్‌లో ఇద్దరికీ బంతి దక్కేలా రూల్ మార్చేశారు. 2024 సూపర్‌బౌల్, అంటే ఫైనల్, ఓవర్‌టైమ్ ఆ కొత్త రూల్ మీదే జరిగింది, అవతలి టీమ్ ఫార్టీనైనర్స్ టాస్ గెలిచి ముందు బంతి తీసుకున్నారు, చివరికి గెలిచింది మేం.

మనకీ ఇది కొత్తేం కాదు కదా. 2019 వరల్డ్ కప్ ఫైనల్లో సూపర్ ఓవర్ కూడా టై అయితే బౌండరీలు లెక్కపెట్టి ఇంగ్లండ్‌కి కప్పు ఇచ్చారు, ప్రపంచమంతా తిట్టింది, మూడు నెలల్లో ఐసీసీ ఆ రూల్ తీసేసింది. మంచు విషయంలోనూ 2025 ఐపీఎల్‌లో రాత్రి మ్యాచుల్లో రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో బంతి తీసుకునే వీలిచ్చారు. చాదస్తమే అయితే ఇవన్నీ ఎందుకు మార్చినట్టు?

అందుకని నా మనవి ఒక్కటే. మీరు వేసే స్కోర్‌కార్డులో టాస్ ఎవరిదో, తర్వాత ఎవరు గెలిచారో పక్కపక్కనే వేయండి. సీజన్ అయిపోయాక పగటి మ్యాచులు వేరుగా రాత్రి మ్యాచులు వేరుగా కూడి ఒక పట్టిక ఇవ్వండి. అందులో సగం సగం వస్తే ఆ వ్యాసం రాసినాయనకి నేనే ఇంకో ఉత్తరం రాసి సారీ చెప్తాను.

ఇట్లు,
ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి మీ పాఠకుడు