పశువైద్యుల రాత్రి డ్యూటీకి లెక్క ఉండాలి

సంపాదకులకు,

రాత్రిపూట ఫోన్ చేస్తే పశువైద్యులు పలకరన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. దాన్ని వైద్యుల బద్ధకం ఖాతాలో వేసేసి చేతులు దులుపుకుంటేనే ఇబ్బంది. వారానికి 168 గంటలు. మనిషి 48 గంటలు పనిచేస్తాడనుకున్నా, ఆసుపత్రి రాత్రింబవళ్లు నడవాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు కలుపుకుంటే నలుగురైనా ఇరుకే. ఇద్దరే ఉన్నచోట 24 గంటల సేవ అని బోర్డు పెట్టారంటే ఎవరి నిద్రో పోతున్నట్టే.

వరుసగా 17 గంటలు మేలుకున్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి దిగజారుతుందని 1997లోనే నేచర్ పత్రికలో వచ్చింది. పశువైద్యంలో దీని ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే జంతువు మారితే మోతాదూ మారిపోతుంది. మత్తుకిచ్చే జైలజిన్ గుర్రానికి పట్టే మోతాదులో పదో వంతే ఆవుకు చాలు. పైగా ఆ మందు 2 శాతం, 10 శాతం గాఢతల్లో దొరుకుతుంది. నిద్రమత్తులో ఒక సీసా బదులు మరొకటి చేతికొస్తే అంతే సంగతులు. ఒంట్లో కాల్షియం తగ్గి పాలజ్వరంతో పడిపోయిన ఆవుకు కాల్షియం బోరోగ్లూకోనేట్ నరానికి ఎక్కించేటప్పుడు సీసా ఖాళీ కావడానికి పది పదిహేను నిమిషాలైనా పట్టాలి. అంతసేపూ గుండె చప్పుడు వింటూ, లయ తప్పితే అక్కడికక్కడే ఆపాలి. ఇంకో కేసు ఎదురుచూస్తోందని సీసా పైకెత్తి తొందరపెడితే గుండె ఆగిపోవచ్చు.

ఆన్‌కాల్ అంటే, పిలిస్తే వెళ్లే డ్యూటీ అంటే, ఇంట్లో పడుకోవడమేగా అంటారు యాజమాన్యాలు. నిలబడ్డ ఆవుకు ఎడమ డొక్క కోసి దూడను తీసి, గర్భసంచి నుంచి చర్మం దాకా పొర పొరకూ కుట్లు వేసి ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది. ఆ మనిషినే తొమ్మిదింటికి ఓపీలో కూర్చోబెట్టడం అన్యాయం. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనిగంటల ఆదేశం ప్రతి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. ఆ లెక్కను చివరి కేసు ముగిసిన వేళ నుంచి మొదలుపెట్టాలి.

చిన్న ఆసుపత్రులకు నలుగురు వైద్యులు ఎక్కడి నుంచి వస్తారన్నది సబబైన ప్రశ్నే. చుట్టుపక్కల నాలుగైదు ఆసుపత్రులు కలిసి ఒకే రాత్రి నంబరు పెట్టుకుని వంతులు వేసుకోవచ్చు. ఇక్కడ బెడిసికొట్టేది సాధారణంగా కేసు అప్పగింత దగ్గరే. రాత్రి వైద్యుడు కుక్కకు నొప్పికి మెలాక్సికమ్ ఇస్తాడు. ఆ సంగతి తెలియక పొద్దున ఇంకొకరు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పొడుస్తారు. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి, పేగుకు చిల్లు పడ్డా పడొచ్చు. మందు, మోతాదు, ఇచ్చిన సమయం రాసిన చీటీ యజమాని చేతికి ఇవ్వాలి, ఫోటో తీసి పగలు ఆ కేసు చూసే వైద్యుడికీ పంపాలి.

ముందే అనుకున్న ఆపరేషన్లు ఉదయమే ముగించుకుంటే మత్తు దిగే వేళకు సిబ్బంది అందుబాటులో ఉంటారు. మధ్యాహ్నం ఒక గంట అత్యవసర కేసులకని ఖాళీగా వదలాలి. ఏ కేసూ రాకపోతే ఆ గంటలో భోజనం చేస్తారు, తప్పేముంది!

యజమానుల వంతూ ఉంది. ఆవు నీటిసంచి పగిలి రెండు గంటలైనా ఈత ముందుకు సాగకపోయినా, ఎడమ డొక్క ఉబ్బి ఊపిరాడకపోయినా, మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోయినా అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. ఈనాక మాయ పడలేదంటారా, పశువు మేస్తూ, జ్వరం లేకుండా ఉంటే తెల్లారేదాకా ఆగొచ్చు. చేత్తో మాత్రం లాగకండి. టీకాలు, నులిపురుగుల మందు పగటి పనులే.

24 గంటల బోర్డుకు అనుమతి ఇచ్చే అధికారులు ముందుగా ఆ ఆసుపత్రి నెల రోస్టర్ అడిగి చూడాలి. రాత్రి డ్యూటీ పేరే మర్నాటి ఉదయం గడిలోనూ కనిపిస్తే అనుమతి ఆపాలి.

ఇట్లు,
ఒక పశువైద్యురాలు