దీవి ఎంచుకునే ముందు గాలి దారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం సార్,

మన తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి అమెరికా పోయి సెటిలైన పిల్లలు కొంతమంది కలిసి కరీబియన్ దీవుల్లో ఒక టైమ్‌షేర్ రిసార్ట్ కట్టాలని ప్లాన్ చేస్తా ఉన్నారు, డల్లాస్‌లో ఉండే మా అమ్మాయి, అల్లుడు కూడా అందులో ఉన్నారు. ఏ దీవిలో కట్టాలి అని వాట్సాప్ గ్రూపులో పగలూ రాత్రీ ఒకటే చర్చ. ఒకరు జమైకా అంటారు, ఒకరు సెయింట్ మార్టెన్ అంటారు, ఇంకొకరు బహామాస్ అంటారు (బహామాస్ అసలు కరీబియన్ సముద్రంలోనే లేదు, అట్లాంటిక్‌లో ఉంది, సరే అది వేరే సంగతి), అందరూ పంపేది మాత్రం బీచ్ ఫోటోలే. ఇక్కడుండే పెద్దోళ్ళని కూడా డబ్బు పెట్టమని అడుగుతున్నారు, రేణిగుంట రోడ్డులో ప్లాటు అమ్మి ఇద్దామా అని నన్ను సలహా అడిగినోళ్ళు ఉన్నారు, అందుకే ఈ ఉత్తరం.

నేను తిరుపతిలో లాడ్జీలు, గెస్ట్‌హౌస్‌లు చూసుకునే మేనేజర్‌గా చేసి రిటైరైనా. గది కట్టేది పెద్ద పని కాదు సార్, కట్టిన గదిలో పదేళ్ళ తర్వాత కూడా ఫ్యామిలీతో వచ్చిన మనిషి మొహం చిట్లించకుండా దిగేట్టు ఉంచడం, అదీ పని. నేను చెప్పేది ఒకటే, ముప్ఫై ఏళ్ళు మెయింటెనెన్స్ కట్టబోయేవాడి లెక్కలో దీవిని ఎంచుకోండి.

టైమ్‌షేర్ అంటే తెలియనోళ్ళ కోసం చెప్తా. కొండ మీద కాటేజీకి విరాళం ఇచ్చిన డోనర్లకి ఏడాదిలో కొన్ని రోజులు గది ఇస్తారు కదా, చూడ్డానికి కొంచెం అట్లాంటిదే, కాకపోతే అది స్వామికి ఇచ్చుకున్నది, ఇది కొనుక్కునే హక్కు. ఏడాదికి ఒక వారం, లేదంటే రోజులు బుక్ చేసుకునేదానికి కొన్ని పాయింట్లు కొంటారు, ఒక్క గదికే యాభైమంది దాకా వాటాదారులు ఉంటారు. కొనేటప్పుడు కట్టే డబ్బు ఒక్కసారితో అయిపోతుంది, మెయింటెనెన్స్ ఫీజు మాత్రం ఏటా వస్తానే ఉంటుంది, ఆ ఏడు మీరు పోయినా పోకపోయినా కట్టాల్సిందే, అది పెరగడమే గానీ తగ్గడం అరుదు. ఇంక తుఫాను వచ్చి కప్పు లేచిపోయిందనుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చింది పోను మిగిలిన ఖర్చు స్పెషల్ అసెస్‌మెంట్ అని ఓనర్ల మీదే వేస్తారు. కట్టి అమ్మినోళ్ళు అప్పటికి అమ్ముకొని వెళ్ళిపోయుంటారు, వారం కొనుక్కున్న మనిషే మిగిలేది. అందుకే దీవి విషయం కొనేవాడికి ఇంత ముఖ్యం.

కాబట్టి మొదట చూడాల్సింది గాలి. అక్కడ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ (అంటే అక్కడి పెద్ద తుఫాను) సీజన్. పెద్ద తుఫానుల్లో చాలా మటుకు ఆఫ్రికా పడమటి ఒడ్డు దాటి, కేప్ వెర్డీ దీవుల వైపు పుట్టి, ట్రేడ్ విండ్స్ అనే తూర్పు గాలులు తోసుకుంటా వస్తే పడమరగా వచ్చి, వస్తా వస్తా వాయవ్యానికి తిరుగుతాయి. ఆ దారిలో ఎదురుగా ఉండేవి ఆంటిగ్వా, బార్బుడా, సెయింట్ మార్టెన్, వర్జిన్ ఐలాండ్స్, పోర్టొరికో. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా అనే కేటగిరీ 5 హరికేన్ బార్బుడానీ సెయింట్ మార్టెన్‌నీ చితక్కొట్టింది, రెండు వారాలు తిరక్కముందే మరియా వచ్చి డొమినికానీ పోర్టొరికోనీ పట్టుకుంది. కేటగిరీ 5 అంటే గాలి గంటకి 250 కిలోమీటర్లు దాటినట్టు. సెయింట్ మార్టెన్‌కి అది మొదటిసారి కూడా కాదు, 1995లో లూయిస్ వచ్చిపోయింది. ఇర్మా తర్వాత అక్కడి ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పూర్తిగా బాగుపడేదానికి ఏళ్ళు పట్టింది, విమానమే సరిగ్గా దిగని చోట వారం కొనుక్కున్నోడు ఎట్లా పోతాడు? 2019లో డోరియన్ బహామాస్‌లో అబాకో, గ్రాండ్ బహామా దీవుల్ని ముంచేసింది. 2025 అక్టోబర్ 28న మెలిస్సా జమైకా మీద పడింది, అది కూడా కేటగిరీ 5. మన గ్రూపులో ఫోటోలు తిరిగే మూడు చోట్లూ ఈ లిస్టులో ఉన్నాయి.

నష్టం అంటే ఎట్లుంటాదో మనోళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. 2021 నవంబర్ వానలకి స్వర్ణముఖి పొంగి తిరుచానూరు వైపు ఇళ్ళు నదిలోకి ఒరిగిపోయినాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించినారు. ఆ వారం తిరుపతిలో చాలా లాడ్జీల సెల్లార్లలో మోటార్లు, జనరేటర్లు మునిగిపోయినాయి, లిఫ్ట్ గుంతల్లో నీళ్ళు, కింది ఫ్లోర్ల పరుపులు ఎండబెడదామంటే ఎండ లేదు, రెండు రోజులకే కాయర్ పరుపులు వాసనకొచ్చి పారేయాల్సి వచ్చింది, ప్లైవుడ్ కబోర్డులు అడుగు నుంచి ఉబ్బి తలుపు పట్టకుండా పోయినాయి. అదంతా వాన ఒక్కటే చేసిన పని, గాలి లేదు. దానికి 250 కిలోమీటర్ల గాలి, ఉప్పు సముద్రం కలిపి చూసుకోండి, ఆ బిల్లు యాభైమంది వాటాదారులకి పంచినా చిన్నది కాదు.

"అయితే కింద ఉండే దీవులు తీసుకుందాం, అక్కడికి తుఫాను రాదంట" అని గ్రూపులో ఒక అబ్బాయి రాసినాడు. అది సగమే నిజం నాయనా. మన చిత్తూరు, బార్బడోస్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 13 డిగ్రీల చిల్లర దగ్గర ఉన్నాయి, గ్రెనడా ఇంకొంచెం కింద 12 దగ్గర. గ్రెనడా కూడా సేఫ్ అనే అనుకునేవాళ్ళు, 1955లో జానెట్ వచ్చిన తర్వాత చాలా కాలం పెద్దది రాలేదు. 2004లో ఐవన్ వచ్చి నూటికి తొంభై ఇళ్ళు దెబ్బతీసి పోయింది. 2024 జూలై 1న బెరిల్ వచ్చి గ్రెనడాకే చెందిన కారియాకు దీవిని నేలమట్టం చేసినంత పని చేసింది. అరుబా కూడా 12 డిగ్రీల చిల్లరలోనే ఉంది, కానీ గ్రెనడాకి పడమరగా 900 కిలోమీటర్ల దూరంలో, వెనిజులా ఒడ్డుకి 30 కిలోమీటర్ల లోపే. అంత దూరం వచ్చేసరికి తుఫానులు మామూలుగా ఉత్తరానికి తిరిగిపోతాయి, కింద దక్షిణ అమెరికా నేల ఆనుకొని ఉంది కాబట్టి అటు దిగడం కష్టం. అరుబా, కురాసావ్, బొనైర్ మూడింటికీ హరికేన్ బెల్ట్ బయట ఉన్నాయని పేరు రావడానికి కారణం ఇదే. అయినా అసలు రాదని ఎవరూ రాసివ్వలేరు, 1999లో లెన్నీ అనే తుఫాను తిరగబడి పడమర నుంచి తూర్పుకి వచ్చి, మామూలుగా ప్రశాంతంగా ఉండే బొనైర్ పడమటి ఒడ్డుని అలలతో కొట్టింది. మిగతా వాటితో పోలిస్తే ముప్పు బాగా తక్కువ, నేను చెప్పేది అంతవరకే.

అందుకే నా ఓటు అరుబాకి. అమ్మాయి వాళ్ళతో అక్కడికి పోయినప్పుడు పామ్ బీచ్ వైపు ఒక టైమ్‌షేర్‌లో ఎవరిదో వారం అద్దెకి తీసుకొని దిగినాం. అందరూ బీచ్‌కి పోతే నేను వెనక వైపు పోయి లాండ్రీ, పంపులు, ఏసీ యూనిట్లు చూసుకుంటా తిరిగినా. శనివారం ఒక్కరోజే సగానికి పైగా గదులు ఖాళీ అయి అదే సాయంత్రం నిండుతాయి, దుప్పట్ల ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి, ఆ ఆరేడు గంటల్లో గది తయారు కాకపోతే ఓనర్ లాబీలోనే నిలబడతాడు. దానికి ఎన్ని నీళ్ళు కావాలో లాడ్జి నడిపినోళ్ళకే తెలుస్తుంది. అరుబాలో నది లేదు, వాన చాలా తక్కువ, ఎక్కడ చూసినా బ్రహ్మజెముడు లాంటి మొక్కలే. అయినా 1930ల నుంచి సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసి ఊరంతా సప్లై చేస్తున్నారు, కుళాయి నీళ్ళు నేరుగా తాగేయొచ్చు, మాకు ఎవరికీ ఏమీ కాలేదు. అదే అమెరికా వాళ్ళ సెయింట్ థామస్‌లో అయితే ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్ళు తొట్టిలో పట్టుకోవాలని చట్టమే ఉంది. అరుబా నీళ్ళు ఖరీదైనవే, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది, కానీ ముందే తెలిసిన ఖర్చు, బడ్జెట్‌లో రాసుకోవచ్చు. ఇంకొకటి, అక్కడ గాలి ఏడాది పొడుగునా ఒకే దిక్కు నుంచి వీస్తుంది, వాటపానా అనే చెట్లన్నీ ఒక పక్కకే వంగి పెరుగుతాయి, ఆ ఉప్పు గాలికి ఏసీ బయటి యూనిట్ల రేకు తొందరగా తింటుంది, తలుపు బందులు పచ్చగా చిలుముపడతాయి. కట్టేటప్పుడే మంచి మెటీరియల్ వాడకపోతే మళ్ళీ అదీ ఓనర్ల మీదే.

గ్రూపులో ఎవరూ ఎత్తని సంగతి నాచు. సర్గాసమ్ అంటారు, 2011 నుంచి అట్లాంటిక్ వైపు చూసే తూర్పు ఒడ్డులకి కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తా ఉంది. బార్బడోస్ తూర్పు ఒడ్డు, డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా వైపు ఈ బాధ ఉంది. ఒడ్డున కుళ్ళితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఆ గ్యాస్‌కి ఏసీలు, ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. అరుబాలో హోటళ్ళుండే బీచ్‌లు పడమటి వైపు ఉన్నాయి కాబట్టి చాలా వరకు తప్పించుకుంటాయి. ఏ దీవైనా సరే స్థలం చూసేటప్పుడు ఏ దిక్కు ఒడ్డు అని అడగండి, మనం ఇల్లు కొనేటప్పుడు అడగమా ఏంది.

ఇంక వీసా, మనోళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. గ్రీన్‌కార్డు ఉన్నోళ్ళకి, పాస్‌పోర్టులో చెల్లే అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నోళ్ళకి అరుబాకి వేరే వీసా అక్కర్లేదు, తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్ చెకింగ్ కూడా అరుబా ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది. కానీ మన పిల్లల్లో చాలామంది హెచ్‌1బీ మీద ఉండి, ఎక్స్‌టెన్షన్ కాగితం చేతిలో పెట్టుకొని, పాస్‌పోర్టులో స్టాంపింగ్ (అంటే వీసా ముద్ర) గడువు అయిపోయి ఉంటారు. అట్లాంటోళ్ళు కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు పోయొస్తే, గడువు అయిపోయిన స్టాంపింగ్‌తోనే వెనక్కి రానిచ్చే ఒక సడలింపు ఉంది, దీవులకి ఆ సడలింపు స్టూడెంట్ వీసా, ఎక్స్‌ఛేంజ్ వీసా వాళ్ళకే. అంటే అరుబాకి పోయిన హెచ్‌1బీ పిల్లోడు స్టాంపింగ్ లేకుండా వెనక్కి రాలేడు. డబ్బు కట్టినోడు పదేళ్ళు వారం వాడుకోలేకపోతే ఎంత బాధ. టికెట్ తీసుకునే ముందు ప్రతి ఒక్కరూ వాళ్ళ లాయర్ని అడగాల.

ఈ ఒక్క కారణానికి పోర్టొరికో పేరు నేను రెండోదిగా పెడతా. అది అమెరికాలో భాగమే, డొమెస్టిక్ ఫ్లైట్, స్టాంపింగ్ గొడవ లేదు, కోర్టులు, చట్టాలు అమెరికావే. అయితే మరియా తర్వాత ద్వీపం మొత్తానికి కరెంటు పూర్తిగా తిరిగి రావడానికి 11 నెలల దాకా పట్టింది, అక్కడ కట్టేటట్టయితే సొంత జనరేటర్లు, సోలార్, రిపేర్ల కోసం ముందే దాచిపెట్టే పెద్ద రిజర్వ్ ఫండ్ లేకుండా పునాది కూడా తీయొద్దు.

పెద్దోళ్ళు కొందరు ట్రినిడాడ్ అంటున్నారు, వాళ్ళ మనసు నాకు అర్థమవుతుంది. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడలో మన దేశం నుంచి ఆ దీవికి మొదటి కూలీలు వచ్చి దిగినారు, దీపావళికి సెలవు ఇచ్చే దేశం, కారపిచైమా అనే ఊర్లో 85 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఉంది, శనగలు పెట్టిన డబుల్స్ అనే టిఫిన్ రోడ్డు పక్కనే దొరుకుతుంది కాబట్టి వెజిటేరియన్లకి తిండి ఇబ్బంది లేదు. తుఫానులూ తక్కువే. కానీ ఆ దేశం నడిచేది ఆయిల్, గ్యాస్ మీద, రిసార్ట్ బీచ్‌లు పక్కన టొబాగోలో ఉన్నాయి, 1963లో ఫ్లోరా హరికేన్ తిన్నది ఆ టొబాగోనే. పైగా టైమ్‌షేర్‌లో మన వారం ఇంకొకరితో మార్చుకోవాలంటే ఎక్స్‌ఛేంజ్‌లో డిమాండ్ ఉండే చోటు కావాల, ఆ విషయంలో అరుబా ముందుంటుంది. ట్రినిడాడ్‌కి యాత్రగా పోయి రండి, నేనూ పోవాలని ఉంది.

అరుబాలో కూడా జాగ్రత్తలు ఉన్నాయి. అక్కడ చాలా స్థలాలు ప్రభుత్వం దగ్గర 60 ఏళ్ళ లీజు మీద ఉంటాయి, ఎన్నేళ్ళు అయిపోయింది, ఎన్ని మిగిలింది అని అడగకుండా సొంతం అనుకోవద్దు. అక్కడ ఇప్పటికే టైమ్‌షేర్లు బోలెడు, పాత ఓనర్లు వదిలించుకోవాలని తక్కువ ధరకి వారాలు అమ్ముతుంటారు, హాలిడేకి పోవడమే కావాలంటే అట్లాంటి వారం కొనుక్కోవడమే మేలు. అయినా కొత్తది కట్టాలనుకుంటే, డబ్బు వసూలు చేసే ముందే చర్చలో ఉండే దీవులన్నిటికీ ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించి, తుఫాను నష్టంలో ఓనర్లు ముందు పెట్టుకోవాల్సిన వాటా ఎంతో గ్రూపులో అందరికీ చూపించండి. రిజర్వ్ ఫండ్‌లో ఏటా ఎంత వేస్తారు, వద్దనుకున్న ఓనర్ ఎట్లా బయటికి రావాల, చనిపోతే పిల్లల మీద ఆ ఫీజు పడుతుందా, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి. ఇక్కడుండే తల్లిదండ్రుల్లారా, ఉన్న ఒక్క ప్లాటూ దీనికోసం అమ్మొద్దండి, టైమ్‌షేర్ వారం భూమి మాదిరి ధర పెరిగే ఆస్తి కాదు.

మా అమ్మాయి వాళ్ళ గ్రూపులో పిల్లలంతా మీ ఈ-పేపర్ చదువుతారు, వచ్చే నెల మీటింగ్‌లో దీవి ఖాయం చేస్తారంట, ఆలోపే ఈ ఉత్తరం వేస్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు సార్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లాడ్జి మేనేజర్,
కొర్లగుంట, తిరుపతి