కాలి పుండు కోసే ముందు చంకలు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చంకలోనో గజ్జల్లోనో సెగగడ్డ లేస్తే మా సిక్కోలు వైపు ఎవర్ని అడిగినా ఒకటే మాట, వేడి చేసింది, మజ్జిగ తాగు అని. ఒకటీ అరా అయితే సరే. మా అక్క కొడుక్కి డిగ్రీ రోజుల నుంచీ అవే చోట్ల లేస్తున్నాయి, ఒకటి మానేలోపు పక్కన ఇంకోటి, లోపల్లోపల దారులు కలిసిపోయి చీము కారుతూ, దానికి తోడు వీపు నిండా లావాటి మొటిమలు. స్నానం సరిగ్గా చెయ్యడేమో అన్నవాళ్లూ ఉన్నారు! చీముకి అంటుకుపోయిన బనియన్ని రోజూ గోరువెచ్చటి నీళ్లతో తడిపి విప్పుకునే కుర్రాడిని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో.

ఆ తర్వాత కాలి మీద చిన్న పొక్కు లేచి పుండైంది. అంచులు ఊదారంగు, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో కుళ్లిందని చుట్టూ కోసి శుభ్రం చేస్తే వారం తిరక్కుండానే ఇంకా పెద్దదైంది, మళ్లీ కోద్దామన్నారు. చివరికి విశాఖలో ఓ చర్మం డాక్టరమ్మ చొక్కా కూడా విప్పించి చూసి, మూడూ ఒకే జబ్బు తాలూకువి అని తేల్చారు. గడ్డలు హైడ్రాడెనైటిస్ సపురేటివా, పుండు పయోడెర్మా గాంగ్రినోసమ్, వీటికి మొటిమలు కూడా తోడైతే పాష్ సిండ్రోమ్ అంటారట. 2012లో పెట్టిన పేరు, చాలా అరుదు. ఇది అంటువ్యాధి కాదు, మురికి వల్ల వచ్చేదీ కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే అదుపు తప్పి సొంత చర్మం మీద పడుతుంది. ఆ పుండుకి కత్తి తగిలితే ఇంకా పెరుగుతుంది, కొందరికి సూది గుచ్చిన చోట కూడా కొత్తది లేస్తుంది. గడ్డలకి ఒక్కోసారి ఆపరేషన్ తప్పకపోవచ్చు గానీ అది పుండు అదుపులోకి వచ్చాకే. ముందు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ లాంటి మందులు, వాటికి లొంగకపోతే టీబీ లేదని పరీక్షించి అడాలిముమాబ్ ఇంజక్షన్లు. సిగరెట్ మానాలి, అదొకటి మావాడికి చెప్పి చెప్పి అలసిపోయాం.

ఆ ఇంజక్షన్ మన దేశంలో 2014 నుంచే తయారవుతోంది. అయినా నెలల తరబడి వేయించుకోవడం కూలి పని చేసుకునే ఇంటికి అయ్యే పనా? ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద అది వస్తుందో రాదో అధికారులు మీ పత్రిక ద్వారా స్పష్టంగా చెప్పాలి. పలాస, టెక్కలి వైపు ప్రభుత్వాసుపత్రుల్లో వారానికో రోజైనా చర్మం డాక్టరు తప్పకుండా ఉండేలా చూడాలి, కోసినకొద్దీ పెరిగే పుండుని మూడోసారి కోయకముందే అక్కడికి పంపాలి.

- ఓ పాఠకురాలు, టెక్కలి