పుచ్చిన స్తంభం, పాత ట్రక్కు: టెక్సాస్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

అమరిల్లో,
ఫిబ్రవరి 26, 2025

గవర్నర్ గ్రెగ్ అబాట్ గారికి నమస్కారం.

నేటికి సరిగ్గా ఏడాది. స్టినెట్ ఊరి దగ్గర ఎండుగడ్డికి అంటుకున్న నిప్పు నాలుగో రోజుకల్లా పది లక్షల ఎకరాలు దాటింది, పక్కనున్న ఓక్లహోమాలోకీ పాకింది. స్మోక్‌హౌస్ క్రీక్ మంట. టెక్సాస్ చరిత్రలో ఇంత పెద్ద కార్చిచ్చు లేదు. మర్నాడే మీరు 60 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) విపత్తు ప్రకటించారు. అందుకు ఈ ప్రాంతం మీకు రుణపడి ఉంది. ఇప్పుడు అడగబోయేది ఆ తర్వాతి సంగతి.

ఈ లేఖను ఇంగ్లీషులో మీ కార్యాలయానికి పంపాను. తెలుగులోనూ రాస్తున్నాను, ఎందుకంటే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్న మా వాళ్లలో చాలామందికి టెక్సాస్‌లోని ఈ ఉత్తరపు మూల ఎలా ఉంటుందో తెలియదు.

నేను పల్నాడు రైతు కొడుకుని. మా ఊళ్లో గడ్డివాము తగలబడితే ఊరంతా బిందెలెత్తుకుని పరిగెత్తేది. తెల్లారేసరికి వాము పోయిన ఇంటి ముందు ఇంటికో మోపు చొప్పున గడ్డి వచ్చి పడేది. ఎవరూ లెక్క రాసేవారు కాదు. నిరుడు మార్చిలో వేరే వేరే రాష్ట్రాల నంబరు ప్లేట్లతో గడ్డి చుట్టలు వేసుకుని వరుసగా వస్తున్న ట్రక్కులను చూసి రోడ్డు పక్కన కారాపి ఏడ్చాను.

ఇక్కడి మంట అడవి మంటలా ఉండదు. 2023లో వానలు బాగా కురిశాయి, గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. పశువులున్న రైతుకు అది పండగ. చలికాలంలో అదే గడ్డి ఎండి బంగారు రంగుకు తిరిగి, నిప్పురవ్వ కోసం కాచుకున్నట్టు నిలబడింది. ఫిబ్రవరిలో వేసవిలాంటి వేడి, గంటకు 60 మైళ్ల గాలి. నైరుతి గాలికి మంట సన్నగా, పొడుగ్గా సాగింది. మర్నాడు ఉత్తరం నుంచి చలిగాలి దిగి దిశ మార్చేసరికి ఆ పొడుగు పక్క మొత్తం ఒక్కసారిగా ముందుకు నడిచింది. ఇంకో రెండు రోజులకు అదే బూడిద మీద మంచు కురిసింది.

ఆవులు ఈనే కాలం అది. చూడి ఆవులు కంచె మూలకు చేరి అక్కడే కాలిపోయాయి. బతికినవాటి పొదుగులు కాలాయి, గిట్టలు ఊడాయి. దూడ నోరు పెడితే తల్లి తన్నేది. తన చేత్తో పాలపీకతో పెంచిన ఆవును తానే తుపాకీతో కాల్చాల్సి వచ్చిందని మా పొరుగు రైతు చెప్పి, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఏడు వేలకు పైగా పశువులు పోయాయి. వ్యవసాయ నష్టం 12.3 కోట్ల డాలర్లని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వ్యవసాయ విభాగం అగ్రిలైఫ్ అంచనా వేసింది. కానీ ఒక మంద అంటే సంతలో మళ్లీ కొనుక్కునే సరుకు కాదండీ. తాత ఎంచిన ఎద్దు, తండ్రి దాచిన పెయ్య, అలా యాభై ఏళ్లలో ఆ నేలకు అలవాటైన రక్తం. మీ దక్షిణాన పెంచే బ్రాహ్మన్ అనే పశువుల జాతిలో మా ఒంగోలు పశువుల రక్తం కూడా ఉంది కనుక ఈ మాట కొంచెం చనువుగానే అంటున్నాను.

గడ్డి మళ్లీ వచ్చింది. వేళ్లు లోతుగా ఉన్నాయి కాబట్టి వాన పడగానే చిగురించింది. కంచె మాత్రం తనంతట తాను మొలవదు. మైలుకు దాదాపు 10,000 డాలర్లు. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ పథకం అందులో 75 శాతం దాకా ఇస్తుంది, కానీ ఎక్కువ భాగం పని పూర్తయ్యాకే. ముందు పెట్టుబడి ఎవరు పెట్టాలి? అమ్ముకోవడానికి దూడలు లేని రైతు.

ఇక అసలు సంగతి. ఇక్కడి పాంపా ఊళ్లో విచారణ జరిపిన శాసనసభ కమిటీ 2024 మేలో నివేదిక ఇచ్చింది. మీ పార్టీ సభ్యుడు, కెనేడియన్ ఊరివాడే అయిన కెన్ కింగ్ దాని అధ్యక్షుడు. పుచ్చిపోయిన కరెంటు స్తంభం విరిగి పడటంతో ఈ మంట పుట్టిందని తేల్చారు. పిడుగు కాదు, దేవుడు చేసింది కాదు. స్తంభాల తనిఖీ గట్టిగా జరగాలనీ, మంటలార్పే విమానాలు రాష్ట్రానికి సొంతంగా ఉండాలనీ, వాలంటీర్ దళాలకు డబ్బు కావాలనీ రాశారు.

ఆ వాలంటీర్లు ఎవరు? రైతులు, బడి పంతుళ్లు, మెకానిక్‌లు. జీతం లేదు. పాత ట్రక్కులో నీళ్లు నింపుకుని, తమ ఇల్లు ఉందో లేదో తెలియకుండానే పక్కవాడి ఇంటిని కాపాడారు. ఫ్రిచ్ ఊరి దళాధిపతి మార్చి 5న ఇంకో ఇంటి మంట ఆర్పుతూ ప్రాణం వదిలారు. ఇలాంటి దళాలకు ట్రక్కులు, రక్షణ దుస్తులు కొనిచ్చే రాష్ట్ర నిధి 2001 నుంచి ఉంది. కానీ అర్జీలు ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉన్నాయి.

ఈ నెల మొదట్లో మీరు శాసనసభ ముందుగా చేపట్టాల్సిన ఏడు అత్యవసర అంశాలు ప్రకటించారు. నీటికి చోటిచ్చారు, సంతోషం. నిప్పుకు ఇవ్వలేదు. 2006లో ఇక్కడే తొమ్మిది లక్షల ఎకరాలు కాలాయి, పన్నెండు మంది పోయారు. 2017 మార్చిలో పశువులను కాపాడబోయి ముగ్గురు చనిపోయారు. ప్రతిసారీ గడ్డి ట్రక్కులు వచ్చాయి, ప్రతిసారీ స్తంభాలు అలాగే ఉన్నాయి.

శాసనసభ సమావేశాలు ఈ ఏడాది జూన్ 2తో ముగుస్తాయి. ఆ లోపల స్తంభాల తనిఖీ చట్టం మీ బల్ల మీదికి రావాలి, వాలంటీర్ల అర్జీలన్నీ తీరేంత డబ్బు బడ్జెట్‌లో కనబడాలి. ఈ రెండింటికీ మీ మాట ఒక్కటి చాలు. ఇక్కడ పౌరసత్వమున్న మా తెలుగువాళ్లందరినీ తమ తమ శాసనసభ్యులకు ఈ వారంలోనే ఫోన్ చేయమని ఇదే లేఖలో అడుగుతున్నాను.

భవదీయుడు,
అమరిల్లో నుంచి ఒక తెలుగు రైతు బిడ్డ