చరిత్ర విభాగం వార్షిక నివేదిక: పాత బంగళాలు, దెయ్యం కథలు

సభ్యులకు నమస్కారం. మన బెంగళూరు తెలుగు సంఘం చరిత్ర విభాగం ఈ ఏడాది పాత బంగళాల దెయ్యం కథల మీద పనిచేసింది. దెయ్యం ఉందా లేదా అని తేల్చడం మన పని కాదు. కథ ఎక్కడ మొదలై ఎలా పెరిగిందో చూడటమే పని.

చర్చల్లో ఎక్కువ సేపు నడిచింది ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఉన్న రేనమ్ హాల్ గురించి. అక్కడ గోధుమరంగు గౌనులో తిరిగేది ప్రధాని రాబర్ట్ వాల్పోల్ చెల్లెలు డొరతీ అంటారు. ఆమె భర్త చార్లెస్ టౌన్షెండ్, టర్నిప్ సాగును పొగిడి పొగిడి 'టర్నిప్ టౌన్షెండ్' అనిపించుకున్న ఆసామి. భార్యను గదిలో పెట్టి తాళం వేశాడన్నది కథ. 1726లో మశూచితో పోయిందన్నది రికార్డు. అతిథులు ఆమెను చూశామని చెప్పడం మాత్రం 1835 క్రిస్మస్ నాటి మాట, అంటే నూరేళ్లు దాటాక!

1936 సెప్టెంబరు 19న అక్కడి మెట్ల మీద తీసిన, ఆ దెయ్యానిదేనని చెప్పుకునే ఫొటో ఆ డిసెంబరులో 'కంట్రీ లైఫ్' పత్రికలో వచ్చింది. పెద్దది చేసి చూస్తే మెట్ల అంచుల పైన పాలిపోయిన గీతలు కనిపిస్తాయి. ఒకే ఫొటో ప్లేటు మీద రెండుసార్లు వెలుగు పడి, మధ్యలో కెమెరా కాస్త కదిలితే ఇలాంటి గీతలే వస్తాయి.

కథలు సేకరించే సభ్యులకు: ఎవరి దగ్గర విన్నారు, అప్పటికి వయసెంత, ఏ గది, ఏ వేళ అన్నవి ముందు రాసుకోండి. "తెల్లచీరేనా?" అని అడిగితే తెల్లచీరే వస్తుంది. "ఏం కనిపించింది?" అని ఊరుకోండి. నలుగురినీ కలిపి కూర్చోబెట్టొద్దు, మొదట మాట్లాడినవాళ్ల కథే మిగతావాళ్లదీ అయిపోతుంది. దెయ్యం రాకుండా గోడల మీద రాసే 'ఓ స్త్రీ రేపు రా', 'నాళె బా' (కన్నడలో 'రేపు రా') రాతల కథలు వేర్వేరు కాగితాల మీదే ఉండాలి.

శబ్దాల సంగతి. పగటి ఎండకు సాగిన టేకు దూలాలు, పైకప్పు రేకులు రాత్రి చల్లబడి ముడుచుకుంటూ టక్కుమంటాయి. అటక మీద అడుగుల చప్పుడు చాలాసార్లు పునుగుపిల్లిది. పొద్దున టార్చి వేసి రెట్టలు వెతికితే తెలుస్తుంది.

తలనొప్పి, ఎవరో ఉన్నట్టు భయం కలిసి వస్తే మాత్రం ముందు పొయ్యి చూడండి. 1921లో అమెరికా కంటి వైద్యుడు విల్మర్ ప్రచురించిన ఉదంతంలో ఒక కుటుంబానికి అడుగుల చప్పుళ్లు, ఆకారాలు తోచాయి. కారణం ఇల్లు వెచ్చబెట్టే పాడైన పొయ్యి నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు. చలికాలంలో చిమ్నీ మూసుకుపోయిన గదిలో బొగ్గులు వెలిగించొద్దు.

సేకరించిన కథలతో పాటు బంగళా చిరునామా ఎక్కడా పెట్టొద్దని కమిటీ కోరిక. అర్ధరాత్రి గోడ దూకేవాళ్లతో ఆ ఇంటివాళ్లకు పడే బాధ దెయ్యం బాధకన్నా ఎక్కువ. ఖాళీ ఫారాలు సంఘం ఆఫీసులో దొరుకుతాయి.