మా చిట్టి రిపోర్టు అర్థమయ్యేలా చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు

మా పిల్లి చిట్టి ఇప్పుడు కుదురుగా ఉంది. మళ్లీ తింటోంది, కిటికీ ఎక్కుతోంది. ఈ మాట రాయగలుగుతున్నానంటే అందుకు కారణం ముగ్గురు మనుషులు. వాళ్ల పేర్లు రాయను కానీ, ఇది చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలుస్తుంది.

చిట్టికి పదకొండేళ్లు. బరువు తగ్గుతోంది, నీళ్లు మాటిమాటికీ తాగుతోంది అని రక్తం, మూత్రం పరీక్షలు చేయించాం. రిపోర్టులో అజోటీమియా, సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) స్టేజ్ 2, ప్రోగ్నోసిస్ (జబ్బు ఎలా సాగుతుందన్న అంచనా) గార్డెడ్ అని ఉంది. స్టేజ్ అన్న మాట చూడగానే ఇంట్లో అందరికీ క్యాన్సరే గుర్తొచ్చింది. మా అమ్మ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

మొదటి కృతజ్ఞత ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి. ఆవిడ రిపోర్టు బల్ల మీద పరిచి, పెన్ను తీసుకుని రెండు అంకెల చుట్టూ సున్నా చుట్టారు. ఒకటి క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపే ఒక వ్యర్థం, 2.3. రెండోది మూత్రం చిక్కదనం, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ, 1.018. "ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే చదవాలమ్మా" అన్నారు. అజోటీమియా జబ్బు పేరు కాదట. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థాలు రక్తంలో పెరిగాయని మాత్రమే దానర్థం. ఎందుకు పెరిగాయన్నది వేరే లెక్క. ఒంట్లో నీరు తగ్గినా పెరుగుతాయి, మూత్రం దారి మూసుకుపోయినా పెరుగుతాయి, కిడ్నీయే దెబ్బతిన్నా పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం మామూలుగా చాలా చిక్కగా, 1.035 కంటే పైనే ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గడమే కారణమైతే కిడ్నీ నీటిని ఆపుకుంటుంది కాబట్టి మూత్రం ఇంకా చిక్కబడాలి. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉండి మూత్రం పల్చగా ఉంటే అనుమానం కిడ్నీ మీదికి వెళ్తుంది. చిట్టి అన్ని నీళ్లు ఎందుకు తాగుతోందో కూడా అప్పుడే అర్థమైంది. మూత్రంలో పోయే నీటిని అది తాగి పూడ్చుకుంటోంది.

స్టేజ్ గురించి కూడా ఆవిడే భయం తీర్చారు. కిడ్నీ జబ్బుకి ఐరిస్ అనే అంతర్జాతీయ పద్ధతిలో నాలుగు దశలు ఉన్నాయి. పిల్లుల్లో క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 మధ్య ఉంటే రెండో దశ, 5 దాటితే నాలుగోది. ఒక్క పరీక్షతో దశ తేల్చరు. పిల్లి కుదుటపడి, ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు మళ్లీ చూసి ఖాయం చేస్తారు. ఎస్‌డీఎంఏ అనే, కిడ్నీ పనితీరు చెప్పే ఇంకో రక్తపరీక్ష కూడా చూస్తారు. కండ తగ్గిన ముసలి పిల్లుల్లో క్రియాటినిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి అది అక్కరకొస్తుంది. ఇక గార్డెడ్ అంటే ఆశ లేదని కాదు, ఎలా సాగుతుందో ఇప్పుడే గట్టిగా చెప్పలేమని. ఆ ఒక్క మాటతో మా అమ్మ తేరుకుంది.

రెండో కృతజ్ఞత క్లినిక్‌లో సాయం చేసే తమ్ముడికి. డాక్టర్లు కేస్ షీట్‌లో రాసే పొట్టి అక్షరాలన్నీ అతనే విడమర్చి చెప్పాడు. బీఏఆర్ అంటే చురుగ్గా, తెలివిగా, పలకరిస్తే స్పందిస్తూ ఉందని. సీఆర్‌టీ రెండు సెకన్ల లోపు అని ఉంటే అదేంటని అడిగాను. చిట్టి పెదవి మెల్లగా పైకెత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలాడు. నొక్కినచోట తెల్లబడి, చూస్తుండగానే మళ్లీ గులాబీ రంగు తిరిగొచ్చింది. రక్తం సరిగ్గా ప్రసరిస్తోందనడానికి అదో గుర్తు. చిగుళ్లు పాలిపోయినా, పసుపు పచ్చగా కనిపించినా వెంటనే తీసుకురమ్మన్నాడు. పొట్ట స్కానింగులో కొన్నిచోట్ల అన్‌రిమార్కబుల్ అని చూసి బెంగపడ్డాం. అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదని అర్థమట, అంటే మంచి వార్తే.

మూడో మనిషి, ముసలి పిల్లిని చాలాకాలం సాకిన ఒక అక్క. మందుల చీటీ చదవడం ఆవిడే నేర్పింది. ఎస్‌ఐడీ అంటే రోజుకి ఒకసారి, బీఐడీ అంటే రెండుసార్లు, పీఆర్ఎన్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే. ఎస్‌ఐడీ అని రాయడం ఎక్కువగా పశువైద్యుల అలవాటు. మనుషుల మందుల షాపులో పొరపాటు పడే వీలుంది కాబట్టి, రోజుకి ఎన్నిసార్లో చీటీ మీదే మాటల్లో రాయించుకోమంది. నా మటుకు నాకు ఇది ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయం. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి సెలైన్ ఎక్కించడం కూడా పక్కన కూర్చుని చూపించింది. నా చెయ్యి వణుకుతుంటే తన చెయ్యి వేసి పట్టుకుంది.

అనొరెక్సియా అని రాసి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దని పదేపదే చెప్పింది కూడా ఆ అక్కే. తిండి మానేయడమనే దానర్థం, కానీ పిల్లి కొన్ని రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌లో చేరి, హెపాటిక్ లిపిడోసిస్ అనే ప్రాణాంతకమైన స్థితి రావచ్చు. అలాగే మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం అనుకుని తెల్లారేదాకా ఆగకూడదు. దారి మూసుకుపోయి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఈ ముగ్గురూ ఎవరూ నా దగ్గర ఏమీ ఆశించలేదు. టెన్షన్‌తో అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోలేదు. వాళ్లు చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పిల్లికి బాగోలేక అవస్థ పడుతున్నవాళ్లు ఎవరడిగినా ఫొటోలు తీసి పంపిస్తాను. డాక్టరుగారూ, బీపీ, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలకి వచ్చేవారం చిట్టిని తీసుకొస్తున్నాం. ఫాస్ఫరస్ ఎంత ఉందో, తిండి మార్చాలో వద్దో ఈసారి నేనే అడుగుతాను.