క్యాట్ కోర్సులు కొనేముందు

సంపాదకుడు గారికి,

ఐఐఎం లాంటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష సీజన్ వచ్చిందంటే బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో మన తెలుగు పిల్లలు ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డెడ్ క్లాసులు డబుల్ స్పీడులో లాగించేస్తుంటారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఈదుకుంటూ కోచింగ్‌కి వెళ్లే ఓపిక ఎవరికుంది, ఆన్‌లైన్ మంచిదే, కాదనను. కానీ లెక్క చూడటం వేరు, చేయడం వేరు. పరీక్ష 2 గంటలు, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు, టైమ్ మిగిలినా పక్క సెక్షన్‌లోకి దూకడానికి లేదు. ఆప్షన్లున్న ప్రశ్న ఒప్పైతే 3 మార్కులు, తప్పైతే 1 కోత. ఏ ప్రశ్న వదిలేయాలో తేల్చుకోవడమే అసలు పని, అది మాక్ టెస్టులు రాసి తప్పులు వెతుక్కుంటే తప్ప రాదు.

మా అక్క కొడుక్కి ఒక కంపెనీ సేల్స్ కుర్రాడు ఫోన్ చేసి "ఆఫర్ ఈ రాత్రితో క్లోజ్ సార్" అని ఊదరగొట్టి కోర్సు అంటగట్టాడు. డబ్బు కట్టాక డౌట్ అడిగితే జవాబుగా మళ్లీ అదే వీడియో లింకు! రీఫండ్ మాటెత్తితే రూల్స్ చదివి వినిపించారు. డౌట్లు ఎవరు తీరుస్తారో, రీఫండ్ గడువెంతో అమ్మేముందే రాసివ్వమని వీళ్లని అడిగేవాళ్లు లేరా?

పాత పేపర్లు నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి, ముందు ఒకటి టైమ్ పెట్టుకుని రాసి, వీక్‌గా ఉన్న సబ్జెక్టుకే డబ్బు పెడితే చాలు. పైగా ఇక్కడి బన్నేరుఘట్ట రోడ్డు ఐఐఎం వాళ్లు పర్సంటైల్‌తో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం కూడా చూస్తారు, ఈ ముక్క ఏ సేల్స్ కాల్‌లోనూ వినపడదు.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు